అగ్విక్, నీకు దండం

ఏప్రిల్ రాగానే బయల్దేరుతావు. చలికాలమంతా బేరింగ్ సముద్రంలో గడిపి, జలసంధి దాటి, అలాస్కా తీరం వెంబడి ఉత్తరానికి, అక్కణ్ణించి తూర్పుగా బోఫర్ట్ సముద్రానికి. వెన్నుమీద రెక్క లేదు నీకు. మంచు కప్పు కింద ఒరుసుకుంటూ పోయేదానికి రెక్క అడ్డమే. ఊపిరికి చోటు దొరక్కపోతే తలెత్తి కొడతావు. రెండడుగుల మందం మంచు నెర్రెలిచ్చి లేస్తుంది. అరవై అడుగుల దాకా పెరిగే దేహం, అందులో మూడోవంతు తలే. చర్మం కింద అడుగున్నర కొవ్వు. నోట్లో పళ్ల బదులు జల్లెడలా వేలాడే పలకలు, వాటిలో పెద్దవి మనిషికి రెండింతల పొడవు. గడ్డం కింద తెల్లని మచ్చ. పుస్తకాల్లో నీ పేరు బోహెడ్ తిమింగలం. నీ ఒడ్డున బతికే ఇన్యుపియాట్ జనానికి నువ్వు అగ్విక్. అగ్విక్, నీకు దండం.

నీ ఆయుష్షుకు దండం. 2007లో అలాస్కా తీరాన ఉత్కియాగ్విక్ ఊరివాళ్లకు చిక్కిన ఒక అగ్విక్ దేహంలో, కొవ్వు లోతున, పాత లోహపు ముక్క ఒకటి దొరికింది. 1880 ప్రాంతంలో అమెరికా తూర్పు తీరాన న్యూ బెడ్‌ఫర్డ్‌లో తయారైన పేలుడు ఈటె ముక్క అది. నూరేళ్లకు పైగా ఆ గాయాన్ని మోస్తూ ఎన్ని వసంతాలు ఆ దారిన వచ్చి పోయిందో. నీ వాళ్లలో మరికొందరి ఒంట్లో రాతి మొనలు, దంతపు మొనలు కూడా బయటపడ్డాయి. కంటి కటకాన్ని పరీక్షించి ఒకదానికి 211 ఏళ్లని అంచనా కట్టారు. తాతను చూసిన కళ్లతోనే మనవడి మనవణ్ణీ చూడగల ప్రాణివి నువ్వు.

నిన్ను పొగడాలంటే నిన్ను తినేవాళ్లనూ పొగడాలి. రెండు పొగడ్తలూ ఒకే నోట ఎలా వస్తాయని అడిగేవాళ్లుంటారు. ప్రాణం తీయడం నాకూ తేలికైన మాట కాదు. కానీ నాగలి దిగని నేల అది. చెట్టు మొలవదు. ఉత్కియాగ్విక్‌లో నవంబరులో గుంకిన సూర్యుడు జనవరి మూడో వారం దాటితే గాని మళ్లీ తొంగిచూడడు. అక్కడ మనిషి కడుపు నింపినవి నువ్వు, సీలు, వాల్రస్, కారిబూ దుప్పి. నీ దవడ ఎముకలే పాత ఇళ్లకు దూలాలయ్యాయి. నీ కొవ్వే దీపమైంది. నీ కాలేయం మీది పొరే డప్పు మీద చర్మమై మోగింది, ఇప్పటికీ మోగుతోంది. వెయ్యేళ్లకు పైబడిన సంసారం ఇది. బయట నిలబడి తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. దగ్గరకు పోయి చూసేకొద్దీ నాకు పాట వస్తోంది.

నీ వేట సూది మొన దగ్గర మొదలవుతుంది. ఉగ్రుక్ అనే గడ్డపు సీలు తోళ్లు ఆరేడు, వెంట్రుక ఊడేదాకా మగ్గబెట్టి, శుభ్రం చేసి, ఇంటి నడుమ పరుస్తారు. చుట్టూ ఆడవాళ్లు కూర్చుంటారు. కారిబూ నరాన్ని చీల్చి, పేని, దారం చేసి ఉంటుంది. సూది తోలును పూర్తిగా దాటకూడదు. మందంలో సగం దాకా దూరి, పక్క తోలు సగంలోంచి తేలాలి. అటూ ఇటూ తెరిచిన రంధ్రం ఒక్కటున్నా పడవలోకి నీళ్లొస్తాయి, ఆ నీళ్లలో ఎక్కువసేపు బతకడం కష్టం. ఒక వరస కుట్టి, మడిచి, దానిమీద మరో వరస. తోలు తడారకముందే పని ముగియాలి గనుక చేతులు ఆగవు. వేళ్లు తిమ్మిరెక్కితే మాటలు సాగుతాయి, టీ వస్తుంది, మళ్లీ సూది కదులుతుంది. సముద్రంలోకి దిగాక నరం దారం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, కుట్టు ఇంకా బిగుస్తుంది. భర్తల, కొడుకుల ప్రాణాలు తమ కుట్టుమీద తేలుతాయని తెలిసి కుట్టే చేతులవి. ఆ చేతులకు దండం.

ఆ తోలును కొయ్య చట్రం మీద సాగదీసి కడితే ఉమియాక్. నువ్వు తిరుగుదారి పట్టే సెప్టెంబరులో, తెరిచిన నీళ్లలో, అల్యూమినియం పడవలూ మోటార్లూ వాడతారు. వసంతంలో మంచు పగుళ్ల నడుమ మాత్రం తోలు పడవను వదులుకోని జట్లు ఇప్పటికీ ఉన్నాయి. నీ చెవి అంత చురుకు. తోలు నీటిని తాకితే చప్పుడు కాదు.

పడవ సిద్ధమయ్యేలోగా మగవాళ్లు దారి చెక్కుతారు. ఒడ్డును అంటుకున్న మంచు చదునుగా ఉండదు. ఒత్తిడికి గుట్టలుగా లేచి నిలబడుతుంది. గొడ్డళ్లతో, గునపాలతో దాన్ని పగలగొట్టి, పల్లాలు పూడ్చి, మైళ్ల దూరం, మంచు విడిపోయి నీళ్లు కనిపించే అంచు దాకా. అక్కడ బిడారం వేస్తారు. ఒంటిమీద తెల్లని పైబట్ట. మాటలు గొంతులోనే. తూర్పు గాలి వీస్తే నీటిపాయ తెరుచుకుంటుంది. పడమటి గాలికి సముద్రం మీది మంచు కదిలివచ్చి ఒడ్డు మంచును ఢీకొంటుంది, అప్పుడు ఉన్నవన్నీ ఎత్తుకుని పరుగెత్తాలి. ఏ గాలికి ఎంతసేపు ఆగవచ్చో, ఏ పగులు ప్రమాదమో, ఏ మంచు మోస్తుందో ఏ బడీ నేర్పలేదు. ముందు నడిచేవాడి అడుగుల్లో అడుగేస్తూ నేర్చుకుంటారు. కుర్రాడికి మొదట దక్కే పని టీ కాయడం, తాగే నీళ్లకు మంచు తేవడం. సముద్రపు మంచే అయినా ఏళ్లు గడిచేకొద్దీ ఉప్పు కిందికి దిగిపోయి తియ్యనవుతుంది. ఆ ముదురు మంచును కనిపెట్టడమే వాడి తొలి పాఠం. ఈటె చేతికి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

జట్టు పెద్దను ఉమియాలిక్ అంటారు. ఆయన ఎంత పెద్దో ఆయన ఇల్లాలూ అంతే పెద్ద. పాత ఆచారంలో ఆయన మంచుమీదికి వెళ్లినంత కాలం ఆమె ఇంట్లో నెమ్మదిగా మసలాలి, ఆమె నెమ్మది నీకూ వస్తుందని. కత్తి పట్టకూడదు, అక్కడ తాడు తెగుతుందని. బలానికి నువ్వు లొంగవట. ఏ ఇంట్లో పంచిపెట్టే చేతులున్నాయో, ఏ ఇల్లాలు దిక్కులేని ముసలమ్మ గిన్నె ముందు నింపుతుందో, ఎవరి మాళిగ శుభ్రంగా ఉందో చూసుకుని, ఆ ఇంటికి నిన్ను నువ్వే ఇచ్చుకుంటావట. అందుకే నువ్వు రాకముందే, ఎన్నడూ కరగని నేలలో లోతుగా తవ్విన మాళిగలోకి నిచ్చెన వేసుకుని దిగుతారు. నిరుటి మాంసం తాలూకు మరకలు గీకి, గోడలు తుడిచి, నీకు చోటు సిద్ధం చేస్తారు.

కథ అంటారా, అనండి. నేను నమ్ముతాను. ఇచ్చేవాళ్లకే దక్కుతుందనే నియమం మీద ఒక తీరం వెయ్యేళ్లు ఆకలిని దాటుకుని వచ్చింది.

అప్పుడు నువ్వు తేలతావు. నీ ఊపిరి తెల్లగా లేచి పడుతుంది. ఉమియాక్ నీ వీపు మీదికే వస్తున్నట్టు వస్తుంది, అంత దగ్గరకు. ఈటె, ఈటెకు తాడు, తాడు చివర గాలి నింపిన సీలు తోలు తిత్తి. ఈటెతోపాటే చిన్న బాంబు కూడా నీ లోపల పేలేలా చేస్తున్నారిప్పుడు, నీ బాధ తొందరగా ముగియాలని. దెబ్బతిని మంచు కిందికి పోయి దక్కకుండా పోయినవీ ఉన్నాయి. అది ఆ జనానికి మోయలేని బాధ. దాన్ని తగ్గించడానికి దశాబ్దాలుగా ఆయుధాలు మార్చారు, కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు దెబ్బతిన్న నాలుగింటిలో సుమారు మూడు దక్కుతున్నాయి. దక్కిన క్షణాన జట్టు ముందు ప్రార్థన చేస్తుంది. రేడియోలో ఊరంతా ఆ ప్రార్థన వింటుంది. ఉమియాలిక్ ఇంటి మీద ఆ జట్టు జెండా ఎగురుతుంది.

తికిగాక్ అనే ఊరుంది, మ్యాపుల్లో పాయింట్ హోప్. అక్కడ పూర్వం ఉమియాలిక్ ఇల్లాలు మంచు అంచు దాకా నడిచివచ్చి నీ ముట్టెమీద మంచినీళ్లు పోసేది. ఉప్పు సముద్రంలో పుట్టి పెరిగిన నీకు తీరని దాహమంటూ ఉంటే అది తియ్యని నీళ్లదే. వేటలో చిక్కిన సీలు నోట్లోనూ గుక్కెడు నీళ్లు పోసేవారు. పోయే ప్రాణానికి తులసి నీళ్లు పోసే మన ముసలమ్మలు ఆ ఇల్లాలిని చూస్తే పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకుంటారు. తర్వాత నీ తల ఎముకను మళ్లీ సముద్రంలోకి నెట్టేవారు, నీ ప్రాణం ఇంకో దేహం తొడుక్కుని తిరిగిరావాలని. చంపి సాగనంపేటప్పుడు కూడా మళ్లీ రమ్మని పిలిచే మర్యాద ఇది.

నిన్ను మంచుమీదికి లాగడానికి ఊరు ఊరంతా కావాలి. అడుగుకు టన్ను బరువంటారు నీకు. కప్పీలు కట్టి, మోకులు పట్టి, టీచరూ, మెకానిక్కూ, ఆఫీసరూ, అవ్వా, పదేళ్ల పిల్లా ఒకే తాడు లాగుతారు. లాగినవాళ్లకు వాటా ఉంది. కోసినవాళ్లకు వాటా ఉంది. సాయానికి వచ్చిన ప్రతి జట్టుకూ ఉంది. మంచం దిగలేని ముసలివాళ్లకూ, వేటగాడు లేని ఇంటికీ వాటా నడిచివెళ్తుంది. నల్లని చర్మం, కింద లేత గులాబి కొవ్వు, దాన్ని మక్తక్ అంటారు. పచ్చిగా, గడ్డకట్టిందిగా, ఉడికించి తింటారు. అందులో సి విటమిన్ ఉంది. ఐరోపా నావికులు చిగుళ్లు కుళ్లి చచ్చిన సముద్రాలపైనే పండు కనపడని ఈ జనం పళ్లు రాలకుండా బతికారు. వేట ముగిశాక ఉమియాలిక్ ఇంటి తలుపులు తీసి ఉంటాయి, వచ్చినవాళ్లందరికీ ఉడికిన మక్తక్. జూన్‌లో నలుకతాక్ పండుగ. తిమింగలం దక్కిన జట్లు ఊరందరినీ గాలి తగలకుండా కట్టిన తెర చాటున కూర్చోబెట్టి పొద్దుగూకని ఆ పగలంతా వడ్డిస్తాయి. సీలు తోళ్లు కుట్టిన పెద్ద దుప్పటిని చుట్టూ పట్టుకుని మనిషిని ఆకాశంలోకి ఎగరేస్తారు. పైకెగిరిన మనిషి కిందివాళ్ల మీద మిఠాయిలు చల్లుతాడు. నవంబరులో థాంక్స్‌గివింగ్‌కు, మళ్లీ క్రిస్మస్‌కు, చర్చిలో పంపకం. ఊరు విడిచి ఆంకరేజ్‌లో, ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉంటున్న పిల్లలకు విమానంలో పార్సిళ్లు. పడవ, పెట్రోలు, తూటాలు, ఏడాది పొడవునా జట్టు తిండి, అన్నీ ఉమియాలిక్ ఖర్చు. నీ మాంసాన్ని తూకానికి అమ్మడం చట్టం ఒప్పదు, ఆచారం అంతకన్నా ఒప్పదు. ఆయనకు మిగిలేది పేరే. అంత ఖర్చుపెట్టి పేరు మాత్రమే తెచ్చుకునే మనుషులకు దండం.

నిన్ను అమ్ముకున్నవాళ్లు వేరే. 1848లో థామస్ రాయిస్ అనే కెప్టెన్ సుపీరియర్ అనే ఓడలో బేరింగ్ జలసంధి దాటి వచ్చాడు. అతని వెనక వందల ఓడలు. నీ కొవ్వు దీపాల నూనెకు, నీ నోటి పలకలు దొరసానుల నడుముపట్టీలకు, గొడుగు ఊచలకు. చివరికొచ్చేసరికి పలకలు కోసుకుని నీ దేహాన్ని నీళ్లలో వదిలేసిన ఓడలూ ఉన్నాయి. అరవై డెబ్బై ఏళ్లలో ఇరవై వేలకు అటూ ఇటూగా చంపారు. నువ్వు తగ్గాక వాల్రస్‌ల మీద పడ్డారు. 1878 చలికాలం తర్వాత బేరింగ్ సముద్రంలోని సెయింట్ లారెన్స్ దీవిలో ఊళ్లకు ఊళ్లే ఆకలితో, రోగంతో ఖాళీ అయ్యాయి. వ్యాపారం ఆగడానికి దయ కారణం కాలేదు. నీ పలకలకు బదులు స్ప్రింగు ఉక్కు వచ్చింది, ధర పడింది, ఓడలు వెనుదిరిగాయి.

ఆ పాపానికి శిక్ష మాత్రం ఒడ్డువాళ్ల మీద పడింది. 1977లో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్, నీ వాళ్లు రెండు వేలకు లోపే మిగిలారన్న అంచనాతో, ఇన్యుపియాట్ల వేటను పూర్తిగా ఆపేసింది. ఒడ్డున ఉన్నవాళ్లను ముందుగా ఎవరూ అడగలేదు. ఊళ్ల పెద్దలు ఆ ఏడాదే అలాస్కా ఎస్కిమో తిమింగల వేట కమిషన్ పెట్టుకున్నారు. గొడవ పడ్డారు, వాదించారు. ఆ డిసెంబరులో పన్నెండు తిమింగలాలు ఒడ్డుకు చేర్చడానికి, లేదా పద్దెనిమిది దెబ్బలకు, అనుమతి వచ్చింది. అన్ని ఊళ్లకూ కలిపి. మరుసటి ఏడాది ఎన్ని మాళిగలు ఖాళీగా ఉండి ఉంటాయో తలచుకోండి.

అసలు వాదం లెక్క మీద. శాస్త్రజ్ఞులు మంచు గుట్టల మీద కూర్చుని, నీటిపాయలో కళ్లకు కనిపించిన వాటిని లెక్కపెట్టారు. మంచు కప్పేసిన చోట నువ్వు రాలేవని వాళ్ల నమ్మకం. హ్యారీ బ్రౌవర్ సీనియర్ అనే ఉమియాలిక్ చెప్పాడు: అవి మంచు కిందనుంచీ వస్తాయి, పాయకు చాలా దూరంగానూ వస్తాయి, తలతో మంచు పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయి. ఆయన పెద్ద డిగ్రీలున్న మనిషి కాదు. అయినా కొందరు శాస్త్రజ్ఞులు విన్నారు, వాళ్లకూ దండం. 1980లలో నీళ్లలోకి మైకులు దించారు. కళ్లకు ఒక్కటీ కనపడని చోట, గడ్డకట్టిన మంచు కింద, నీ పాటలు వినిపించాయి. లెక్క మారింది. 2011లో గణిస్తే దాదాపు పదిహేడు వేలు. వేట సాగుతుండగానే పెరిగారు మీరు. ఇప్పుడు గాంబెల్ నుంచి కాక్టోవిక్ దాకా పదకొండు ఊళ్లకు కలిపి ఏడాదికి ఇన్ని దెబ్బలే అని పరిమితి ఉంది, పాత ఏళ్లలో మిగిలినవి కొన్ని కలుపుకోవచ్చు. దెబ్బ తగిలి చేజారినా లెక్కలోకే వస్తుంది. ఎవరి వంతు ఎంతో ఆ ఊళ్లే కూర్చుని తేల్చుకుంటాయి.

1988 అక్టోబరు గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఉత్కియాగ్విక్‌ను అప్పటికి బారో అనేవారు. ఊరి దగ్గర మూడు బూడిదరంగు తిమింగలాలు మంచులో చిక్కుకుపోయాయి, ఊపిరికి చిన్న గుంటలు మాత్రం మిగిలాయి. వాటిని మొదట చూసింది వేటగాడే. యంత్రపు రంపాలు పట్టుకుని మంచుమీదికి పోయినవాళ్లూ వేటగాళ్లే. పగలూ రాత్రీ ఒక గుంట తర్వాత ఒక గుంట కోసుకుంటూ వాటిని తెరిచిన నీళ్లవైపు నడిపించారు. ఒక పిల్ల దక్కలేదు. చివర్లో సోవియట్ మంచు ఛేదక ఓడలు వచ్చి అడ్డుగా ఉన్న మంచు గోడను చీల్చాక మిగిలిన రెండూ వెళ్లిపోయాయి. లోకమంతా టీవీల్లో చూసి ఆశ్చర్యపోయింది, తిమింగలాన్ని తినేవాళ్లు తిమింగలాన్ని కాపాడతారా అని. ఆ ఊరికి అందులో ఆశ్చర్యం లేదు. వేటాడే వేళ వేరు, చిక్కుకున్న ప్రాణికి దారి చూపే వేళ వేరు.

అగ్విక్, ఇప్పుడు నీ దారిలో మంచు పలచనవుతోంది. ఇప్పటికి నీకు మేత బాగానే దొరుకుతోందంటున్నారు. కష్టం నీ ఒడ్డువాళ్లది. ఒడ్డు మంచు ఆలస్యంగా గట్టిపడి ముందే వదులవుతోంది, దానిమీద అరవై అడుగుల దేహాన్ని ఎలా లాగాలి? ఏళ్లనాటి ముదురు మంచు అరుదై, కుర్రాడు తాగే నీళ్ల కోసం దూరం పోతున్నాడు. తాతలు తవ్విన మాళిగల్లో నీళ్లూరి మాంసం చెడుతోంది. 2013లో సెయింట్ లారెన్స్ దీవిలో మంచు తీరు తప్పి వాల్రస్‌లు చాలా కొద్దిగా దక్కితే, ప్రభుత్వమే దాన్ని ఆర్థిక విపత్తుగా ప్రకటించాల్సి వచ్చింది. ఆ మంచును కరిగించే పొగలో ఉత్కియాగ్విక్ వాటా ఎంత? మన బొగ్గు, మన పెట్రోలు, మనందరి వాటా ఎంత? నీ మీద ప్రేమ పేరుతో ఆ వేటగాళ్లను, వాళ్ల పిల్లలను కూడా ఇంటర్నెట్‌లో బూతులు తిట్టేవాళ్ల వాటా ఎంత?

చదువరీ, తిమింగలాల వేట అంతా ఆపాలనే విజ్ఞాపన ఒకటి ఎప్పుడో మీ ఫోన్లోకి వస్తుంది. అది అమ్మకానికి వేటాడే పెద్ద ఓడల గురించైతే సంతకం పెట్టండి, నేనూ పెడతాను. ఈ పదకొండు ఊళ్లను కూడా అందులో కలిపి రాసి ఉంటే పెట్టకండి. ఎందుకు పెట్టలేదని ఎవరైనా అడిగితే, నీళ్లలోకి మైకులు దించిన కథ చెప్పండి.